ఏడో మీట మీద రెండో కాపురం

నమోదు 1

కొత్తలంక మీటల గుమాస్తాగా నేను, కిరీటి, పదవీ బాధ్యతలు స్వీకరించిన సందర్భంలో ఊరంతా పండగ చేసుకుందని రాయాలని ఉంది. ఊరంటే పన్నెండు కుటుంబాలు. పదకొండు కుటుంబాలు ఆ రోజు పుట్టగొడుగుల కోతలో ఉన్నాయి. పన్నెండోది మా ఇల్లు. మా అమ్మ "అన్నం తిని ఏడు" అంది. అదే పట్టాభిషేకం.

నా విధులు ఇవి. పొద్దున్నే గంట కొట్టాలి. చంద్రుడి మీద, అందులోనూ సొరంగంలో, పొద్దు పొడవదు. నేను గంట కొడతాను, పొడిచిందని అందరూ నమ్ముతారు. తర్వాత కంట్రోల్ గది తలుపు తీసి, కీబోర్డు మీద బూడిదరంగు దుమ్ము తుడిచి, వరసలో నిలబడ్డ ఇంటి పెద్దలు ఒక్కొక్కరే వచ్చి తమ మీట నొక్కుతుంటే పక్కన నిలబడి గంభీరంగా తలూపాలి. ఎఫ్-1 నొక్కితే సర్పంచి పేర్రాజు గారి ఇంటికి ఆ రోజుటి వేడీ, వేణ్ణీళ్ళూ. ఎఫ్-2 నొక్కితే రెండో ఇంటికి. అలా పన్నెండు దాకా. ఒక నొక్కుడుకి ఒక రోజు. గాలి మాత్రం ఉమ్మడి, దానికి మీట లేదు. అందుకే ఊళ్ళో ఇంకా మనుషులున్నారు.

ఒకరి మీట ఇంకొకరు ముట్టుకోరు. ముట్టుకుంటే ఏం శిక్ష వేస్తారో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు.

పాత టెర్మినల్ పోయిన నెల ఓ పొగ వదిలి పరమపదించింది. దాని స్థానంలో నేను ఒక లాప్‌టాప్ పెట్టి, అందులో టెర్మినల్ ఎమ్యులేటర్ ఎక్కించాను. అంటే పాత టెర్మినల్‌లా వేషం కట్టే ప్రోగ్రామ్. గోడ వెనకున్న పెద్ద యంత్రం దాన్ని చూసి తన పాత నేస్తమే అనుకుంటోంది. పాత కీబోర్డునే దానికి తగిలించాను. ఇంటిపేర్లు చెక్కిన మీటలు కదా, మారిస్తే నన్ను మార్చేస్తారు.

నమోదు 2

మా మంజీర అక్క ఏడో ఇంటి కోడలు. ఏడో ఇల్లంటే ఒక గది, ఏడుగురు మనుషులు, ఒక పరదా. పరదాకి ఇవతల అత్తగారు వెంకాయమ్మ గారు, మామగారు, ఇద్దరు మరుదులు, ఒక మేనత్త. అవతల అక్కా, వంశీ బావా. బావ దగ్గితే ఇవతల నుంచి "మిరియాల కషాయం పెట్టనా నాన్నా" అని వినిపిస్తుంది. గుసగుసలాడితే "ఏటంటున్నావ్, గట్టిగా చెప్పు" అని వినిపిస్తుంది. ఇద్దరూ కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలంటే ఎరువు గుంట తిరగేసే డ్యూటీ అడిగి మరీ వేయించుకుంటారు. పేడ పనికి ఇంత ఉత్సాహంగా బయల్దేరే జంట చంద్రుడి మీద ఇంకోటి లేదు.

ఈ రోజు అక్క కంట్రోల్ గదికి వచ్చింది. చేతికింకా ఎరువే.

"ఒరేయ్, పదమూడో గది ఖాళీగా ఉంది కదా. మాకు ఇప్పించరా."

"గది ఉందక్కా, మీట లేదు. ఊరు కట్టినవాళ్ళు ఆశావాదులు. గదులు ఇరవై దాకా తవ్విద్దామనుకున్నారు, యంత్రానికి ఇరవై సంకేతాలు నేర్పారు. కీబోర్డు మీద మీటలు పన్నెండే."

"నువ్వు చదివిన చదువుకి ఒక్క మీట పుట్టించలేవా?"

"మీటలు పుట్టవు. మ్యాపింగ్ చేస్తారు. ఉన్న మీటకే కొత్త పని చెప్పడం."

"అయితే చెప్పు! ఈ వారం సభలోగా మీట లేకపోతే ఆ గది పుట్టగొడుగుల కమిటీకి రాసిచ్చేస్తారంట. పుట్టగొడుగులకి గదీ, నాకు పరదానా?"

"అత్తయ్య గారు ఒప్పుకున్నారా?"

"ఆవిడ ఒప్పుకుంటే నీ దాకా ఎందుకొస్తాను?"

నేను గంభీరంగా తలూపాను. ఉద్యోగంలో నాకు బాగా వచ్చింది అదొక్కటే.

నమోదు 3

కొత్త మీట కోసం అన్వేషణ. కీబోర్డు మీద పనికొచ్చే మీటలు చాలావరకు పూర్వీకులు పీకేశారు. ఆల్ట్ మీట ఇప్పుడు మా వంటింట్లో కుక్కరు మూతకి పిడి. డిలీట్ మిగిలింది. "కొత్త కాపురానికి డిలీట్ మీటా? నోరు కడుక్కో" అని అమ్మ కసిరింది. పాజ్ మిగిలింది. దాని అర్థం తెలుసుకుని బావ అక్క వైపు దీనంగా చూశాడు. అదీ వద్దన్నారు.

ఇక షిఫ్ట్. షిఫ్ట్ ఎవరిదీ కాదు, ఉమ్మడి ఆస్తి. ఒంటరిగా నొక్కితే ఏమీ జరగదు, ఇంకో మీటతో జత కట్టాలి. షిఫ్ట్ పట్టుకుని ఏదో ఒక ఎఫ్ మీట నొక్కితే యంత్రానికి ఎఫ్-13 సంకేతం వెళ్ళేలా ఎమ్యులేటర్‌లో ఒక వరుస రాస్తే చాలు. అది రాయడానికి నాకు పట్టే సమయం కన్నా ఆవలించడానికి పట్టే సమయం ఎక్కువ.

ప్రశ్న ఒకటే. ఎవరి ఎఫ్ మీట?

మాది పన్నెండు. మా మీదే పెట్టేస్తే పోలా అన్నాను. అమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఆడపిల్ల కాపురం పుట్టింటి మీట మీద పెడితే అల్లుడు ఇల్లరికం వచ్చాడంటారు. వెంకాయమ్మ గారు ఆ మాట విని బతుకుతారా? మనల్ని బతకనిస్తారా?" అంది.

సర్పంచి పేర్రాజు గారిని అడిగాను. "నా మీట కింద ఇంకో కాపురమా? నేనేమన్నా సత్రం నడుపుతున్నానా?" అన్నారు. మిగతావాళ్ళూ దాదాపు ఇదే అన్నారు, కొందరు సత్రం బదులు ఇతర పదాలు వాడారు. లాగ్‌లో రాయదగినవి కావు.

ఆయన మాట్లాడుతుంటే ఇంకో సంగతి గమనించాను. వాసన.

నమోదు 4

వాసన మీద విచారణ. సభ్యుల గౌరవానికి భంగం కలగకుండా రాస్తాను. పేర్రాజు గారు స్నానం చెయ్యట్లేదు.

వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే నోట్లోంచి పొగ వచ్చింది. ఆయన రెండు కంబళ్ళు కప్పుకుని హుందాగా కూర్చున్నారు.

"ఇల్లు ఇంత చల్లగా ఉందేంటండీ?"

"చల్లదనం బుర్రకి మంచిదయ్యా."

"మరి స్నానం..."

"అలాంటివి సభలో అడుగు, రాతపూర్వకంగా."

లోపల్నుంచి వాళ్ళావిడ కేకేశారు. "నువ్వైనా చెప్పు బాబూ! కొత్త టెర్మినల్ వచ్చిన దగ్గర్నుంచీ వేడి లేదు, వేణ్ణీళ్ళు లేవు. నోరెత్తొద్దంటున్నారీయన!"

సర్పంచి గారు కంబళి సర్దుకుని గొంతు తగ్గించారు. "చూడు గుమాస్తా. ఊళ్ళోవాళ్ళు మీట నొక్కితే యంత్రం ఏమంటది? 'సరే' అంటది. నేను నొక్కితే? 'మీకు ఏ సహాయం కావాలి?' అని ఒక పేజీ పరుస్తది. అంత మర్యాద చేస్తుంటే, నా ఇంట్లో వేణ్ణీళ్ళు రావట్లేదమ్మా అని దేబిరించనా?"

విషయం బోధపడింది. టెర్మినల్ ఎమ్యులేటర్‌కి కొన్ని సొంత అలవాట్లున్నాయి. ఎఫ్-1 నొక్కితే అది సహాయం పేజీ తెరుస్తుంది. ఎఫ్-10 నొక్కితే మెనూ దించుతుంది. ఎఫ్-11 నొక్కితే తెర నిండా పరుచుకుంటుంది. ఆ మూడు నొక్కుళ్ళనీ తనే మింగేస్తుంది, గోడ వెనక యంత్రం దాకా పోనివ్వదు. పదో ఇంటి దొరబాబు గారింటికి వెళ్తే మఫ్లరు కట్టుకుని తలుపు తీశారు. పదకొండో ఇంటి రత్నకుమారి పంతులమ్మ గారు ముక్కు చీదుతూ "మాకేం లోటు లేదు, మేం నొక్కితే తెర ఎంత పెద్దదవుతుందో చూశావుగా" అన్నారు.

మూడు కుటుంబాలు. గౌరవం కోసం గజగజ వణుకుతున్నాయి.

నమోదు 5

నా తప్పు నేనే దిద్దాను. మ్యాపింగ్‌లో ఆ మూడు మీటలూ నేరుగా యంత్రానికే వెళ్ళేలా రాశాను. పొద్దున్న ముగ్గురూ నొక్కారు. ముగ్గురికీ "సరే" అని వచ్చింది. ముగ్గురిళ్ళలోనూ వేణ్ణీళ్ళు పొగలు కక్కాయి.

ఊరు నాకు శాలువా కప్పుతుందనుకున్నాను. దొరబాబు గారు వచ్చి నా చొక్కా పట్టుకున్నారు.

"ఏదయ్యా నా జాబితా?"

"అది మెనూ అండి. పొరపాటున దిగేది."

"పొరపాటా? పెళ్ళిభోజనాల్లో పెద్దోళ్ళని అడిగినట్టు, ఏం కావాలో చూసుకోండి బాబూ అని నా ఒక్కడి ముందే దిగేది. ఇప్పుడు 'సరే' అంటోంది. ఏంటి సరే? ఎవడికైనా అంటది సరే!"

"వేణ్ణీళ్ళు వచ్చాయా లేదా?"

"వచ్చాయ్. పోసుకున్నాను. పరువు పోయాక ఒళ్ళు శుభ్రంగా ఉంటే ఎవడు చూడొచ్చాడు?"

వెనకాల పేర్రాజు గారు, ఆయన వెనకాల పంతులమ్మ గారు. ముగ్గురూ కడిగిన ముత్యాల్లా మెరుస్తున్నారు, ముగ్గురూ నన్ను తినేసేలా ఉన్నారు.

అప్పుడు షిఫ్ట్ గుర్తొచ్చింది. "ఆగండి. మీట ఒక్కటే నొక్కితే వేడి. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే మర్యాద. రెండూ ఉంటాయి" అన్నాను. అక్కడే రాసి చూపించాను. పేర్రాజు గారు ఒక చేత్తో షిఫ్ట్ పట్టుకుని, రెండో చేత్తో ఒకటో మీట నొక్కారు. సహాయం పేజీ పరుచుకుంది. ఆయన కళ్ళు చెమర్చాయి. వేణ్ణీళ్ళు వచ్చినప్పుడు ఇవి రాలేదని ప్రత్యేకంగా నమోదు చేస్తున్నాను.

నమోదు 6

షిఫ్ట్ జ్వరం పట్టుకుంది. నిన్నటిదాకా పనికిరాని మీట, ఇవాళ ఊరి పరువంతా దాని మీదే. మూడో ఇంటివాళ్ళకి షిఫ్ట్‌తో తెర పసుపురంగవుతుంది. ఐదో ఇంటికి గంట మోగుతుంది. ఎనిమిదో ఇంటికి అక్షరాలు గుమ్మడికాయలంత అవుతాయి, చత్వారం వల్ల వాళ్ళకి అదే అక్కరకొచ్చింది. మా అమ్మ కూడా "మనకేం లేదంట్రా, గుమాస్తా ఇల్లయ్యుండి" అంది. ఆవిడ పేరు తెర మీద అటూ ఇటూ పరిగెత్తేలా పెట్టాను.

ఏడో ఇంటికి మాత్రం ఏమీ పెట్టలేదు. కావాలనే.

ఊహించినట్టే వెంకాయమ్మ గారు వచ్చారు. పుట్టగొడుగుల పచ్చడి గిన్నె నా బల్ల మీద పెట్టారు. అత్తయ్య గారు గిన్నె పెడితే అది తినడానికి కాదు, సంభాషణ మొదలైందని సూచన.

"ఏరా కిరీటీ. మా ఏడో మీట నీ కంటికి ఆనలేదా?"

"అంత మాటన్నారేంటి అత్తయ్య గారూ. మీకు చిల్లర మర్యాదలు పెట్టడం బాగోదని ఆగాను."

"నాకు ఆ పేర్రాజు దాని కన్నా పెద్దది కావాలి."

"ఉందండి. అందరి షిఫ్ట్‌కీ రంగులూ, బొమ్మలూ, గంటలూ. మీ షిఫ్ట్‌కి ఏకంగా ఒక ఇల్లు తెరుచుకుంటుంది."

ఆవిడ గిన్నె మూత సర్దారు. "ఏ ఇల్లు?"

"పదమూడో గది. ఏడో మీట మీద రెండో ఇల్లు. ఊళ్ళో ఇంకెవరికీ రెండిళ్ళు లేవు."

"అందులో ఎవరుంటారు?"

"మీ అబ్బాయి. మా అక్క."

ఆవిడ నిదానంగా అన్నారు. "నన్ను బుట్టలో వేస్తున్నావురా నువ్వు."

"ఆయ్" అన్నాను. అబద్ధం చెప్తే దొరికిపోతాను.

"వాడికి రాత్రి దగ్గొస్తది. ఎవరు చూస్తారు?"

"అక్క చూస్తుంది."

"అది నిద్దరోతే బాంబేసినా లేవదు." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "పేర్రాజు మీటకి ఇల్లు రాదు కదా?"

"రాదండి. పేజీ ఒక్కటే."

"దొరబాబుకి?"

"జాబితా చూసుకోవడమే."

"అయితే చెయ్యి. కానీ ఏడో మీట మీద నా వేలే ఉంటది. ఇంకెవరిదీ కాదు." గిన్నె నా వైపు తోసి వెళ్ళిపోయారు. పచ్చడిలో కారం మామూలు కన్నా ఎక్కువ ఉంది. శిక్షో, ఆశీర్వాదమో తేల్చుకోలేకపోయాను.

నమోదు 7

సభ ఆమోదించింది. పుట్టగొడుగుల కమిటీ నిరసన తెలిపి, వెంకాయమ్మ గారు వాళ్ళ వైపు తిరిగి చూశాక నిరసన వెనక్కి తీసుకుంది.

అక్క నన్ను కావలించుకుంది. కాసేపటికి చేతులు సడలించింది.

"ఒరేయ్. అంటే రోజూ పొద్దున్నే మా అత్తగారు వచ్చి ఏడు నొక్కితేనే మాకు వేడి?"

"నువ్వు షిఫ్ట్ పట్టుకుంటావు, ఆవిడ ఏడు నొక్కుతారు. రెండూ ఒకేసారి పడాలి."

"ఏడో మీట నేను నొక్కేస్తేనో? నేనూ ఏడో ఇంటి కోడల్నే కదా."

"ఆవిడ సభలో అందరి ముందూ చెప్పించారు. తన వేలే అని."

"ఆవిడకి కోపమొస్తే?"

"ఇంకో దుప్పటి తీసుకెళ్ళు."

అక్క నన్ను కొట్టింది. చంద్రుడి మీద దెబ్బ తేలిగ్గా తగులుతుందని భూమ్మీద మాస్టర్లు చెప్తారు. వాళ్ళకి అక్కలు లేరేమో.

నమోదు 8

మొదటి పొద్దు. వరస ఎప్పటికన్నా పొడుగ్గా ఉంది. సొంత మీట నొక్కేసినవాళ్ళు కూడా వెళ్ళలేదు. అత్తాకోడళ్ళ మొదటి జత నొక్కుడు అంటే మాటలా.

అక్క ఎడం చేత్తో షిఫ్ట్ పట్టుకుని నిలబడింది. బావ రెండు పెట్టెలు, చుట్టిన పరదా మోస్తూ గుమ్మంలో ఉన్నాడు. పరదా ఎందుకు తెచ్చాడో నేను అడగలేదు, అలవాటు పడ్డ మనిషి. వెంకాయమ్మ గారు ముందు మామూలుగా ఏడు నొక్కారు, తన ఇంటికి. ఆవిడ నొక్కుడు ఊళ్ళో ప్రసిద్ధం. పేను కుక్కినట్టు గోటితో టక్కుమని ఒకే ఒక్క దెబ్బ. "సరే" అని వచ్చింది. తర్వాత వేలు పైకెత్తి, ఎత్తే ఉంచారు.

"రాత్రి కూర ఏం చేస్తావ్?"

"ఇంకా ఆలోచించలేదత్తయ్యా."

"వాడు వంకాయ తినడు."

"తెలుసత్తయ్యా. రెండేళ్ళ నుంచీ పక్కనే కదా వండుతున్నాను."

"చెవుల్లో దూది పెట్టుకోమను, ఆ గదిలో పైపు చప్పుడెక్కువ."

"పెట్టుకుంటారు."

"ఆదివారం ఆదివారం మా దగ్గరే భోజనం."

వెనక నుంచి దొరబాబు గారు "నొక్కమ్మా తల్లీ, కాళ్ళు లాగుతున్నాయ్!" అన్నారు. "నీ జాబితా చూసుకో పో!" అన్నారావిడ, తల తిప్పకుండా.

అక్క మెల్లిగా అంది. "ఆదివారం ఒక్కటే ఎందుకత్తయ్యా, బుధవారం కూడా వస్తాం. ఆ పరదా వెనకాల మీరేం మాట్లాడుకుంటారో మాకూ వినాలనుంది."

వెంకాయమ్మ గారి మూతి వంకర తిరిగింది. నవ్వో ఏడుపో తెలియనిదేదో వచ్చింది. వేలు దించారు. ఈసారి గోరు కాదు, బొటనవేలు మొత్తం. దించి, ఎత్తడం మర్చిపోయారు. కొడుకు పెట్టెల వైపు చూస్తూ అలాగే నిలబడిపోయారు. ఎవరూ కదిపే ధైర్యం చెయ్యలేదు. కొందరు ముక్కులు ఎగపీల్చారు. వాళ్ళలో నేనొకణ్ణి.

అందుకే తెర చూడలేదు. తెర మీద "13 సరే, 13 సరే, 13 సరే" అని బారులు తీరి పైకి పోతున్నాయి.

మీట నొక్కి పట్టుకుంటే ఎమ్యులేటర్ దాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కినట్టు పంపిస్తుంది. కొత్త మ్యాపింగ్‌లో ఆ అలవాటు మాన్పించాలని నాకు తట్టలేదు. ఒక నొక్కుడుకి ఒక రోజు వేడి అని యంత్రానికి తెలుసు. ఒక రోజుకీ ఇంకో రోజుకీ మధ్య రోజు గడవాలని దానికెవరూ చెప్పలేదు.

నమోదు 9

మధ్యాహ్నానికి పదమూడో గది గోడల నుంచి నీళ్ళు కారాయి. కొళాయి తిప్పకుండానే వేణ్ణీళ్ళు ఉరికాయి. బావ బయటికి వచ్చాడు, ఉడకబెట్టిన చిలకడదుంపలా ఉన్నాడు. "బావుంది గానీ, కొంచెం ఎక్కువైంది" అన్నాడు. ఆయన ఫిర్యాదు చేసే స్థాయి అంత.

ఊళ్ళో ఒక్కో ఇంటికీ రోజుకి ఒక బకెట్టు. ఇక్కడ కాలువ పారుతోంది. ఈ వార్త నేను ఎవరికీ చెప్పలేదు, ఒక్క మా అమ్మకి తప్ప. సాయంత్రానికల్లా మిగతా పదకొండు కుటుంబాలూ తువ్వాళ్ళతో దిగాయి.

పేర్రాజు గారు ఆవిరిలో కళ్ళు మూసుకుని కూర్చుని "సహాయం అంటే ఇదీ" అన్నారు. దొరబాబు గారు వీపు రుద్దమని పంతులమ్మ గారి ఆయన్ని బతిమాలుతున్నారు. ఎవరో పీట తెచ్చుకున్నారు. ఎవరో సున్నిపిండి కలిపారు. విధి నిర్వహణలో భాగంగా నేను కూడా లోపలికి వెళ్ళి పరిస్థితిని నీళ్ళతొట్టిలో మెడ దాకా మునిగి సమీక్షించాను.

అక్క మూల నిలబడింది, పెట్టె ఇంకా విప్పకుండా. చుట్టూ చూసింది. పాత గదిలో ఏడుగురే ఉండేవాళ్ళు. బావ పరదా విప్పి ఎక్కడ కడదామా అని మేకు వెతుకుతున్నాడు. అక్క ఏడుస్తోందో చెమట కారుతోందో ఆ ఆవిరిలో తెలియలేదు. నాకు మాత్రం నీళ్ళు ఒక్కసారిగా చల్లబడ్డట్టు అనిపించింది.

"అక్కా, రేపటికల్లా సరి చేస్తాను..." అన్నాను.

"రేపా?" అంది. అంతే అంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. వెంకాయమ్మ గారు. చేతిలో మిరియాల కషాయం గిన్నె. కొడుకు దగ్గు చూడ్డానికి వచ్చినట్టుంది. గదంతా ఒక చుట్టు చూశారు, పీటలూ, సున్నిపిండీ, సర్పంచి గారి వీపూ. చివరికి మూలనున్న అక్కనీ, ఆ విప్పని పెట్టెనీ.

"లెగండి" అన్నారు.

"ఇంకో చెంబు, వెంకాయమ్మా..." అన్నారు పేర్రాజు గారు.

"లెగమన్నాను! మొగుడూ పెళ్ళాలున్న గదిలోకి తువ్వాలేసుకుని రావడానికి సిగ్గులేదా? ఎవరింటికొచ్చామనుకుంటున్నారు? ఇది మా కోడలి ఇల్లు!"

ఆ మాట అన్నాక ఆవిడే ఒక్క క్షణం ఆగారు, అన్నది ఎవరా అన్నట్టు. తర్వాత ఇంకా గట్టిగా కేకలేశారు. జనం పీటలు వదిలేసి పరిగెత్తారు. సర్పంచి గారిని పరిగెత్తగా చూడటం ఊరి చరిత్రలో మొదటిసారి. కషాయం గిన్నె అక్క చేతిలో పెట్టి, కొడుకు చేతిలోంచి పరదా లాక్కుని చంకన పెట్టుకుని, బయటికొచ్చి తలుపు తనే లాగి మూశారు. లోపల గడియ పడే దాకా నిలబడి విన్నారు.

"రేపు పొద్దున్న ఎంతసేపు నొక్కాలిరా?" అన్నారు నాతో.

"ఒక్క సెకను చాలండి. గోటితో."

"ఊఁ" అంటూ వెళ్ళిపోయారు.

నా చొక్కా, జోళ్ళూ లోపలే ఉండిపోయాయి. తలుపు కొట్టడం మీటల గుమాస్తా విధుల్లో లేదని నిర్ణయించి, ఈ నమోదు తువ్వాలు మీదే పూర్తి చేస్తున్నాను.